హెచ్‌పీవీ, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్: కర్నూలు ఆడవాళ్ళు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు

నేను గైనిక్ వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. అందుకే పెళ్ళిళ్ళలో బంతి దగ్గర కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని పక్కకి తీస్కపోయి "అక్కా ఒకటి అడగాల, ఎవరితో అనొద్దు" అంటారు. అడిగేది చాలావరకు ఇదే, తెల్లబట్ట అవుతోంది, రక్తం కనపడింది, మా పాపకి ఆ సూది ఏయించాల్నా వద్దా, టెస్టులో హెచ్‌పీవీ అని రాసినారు మరి మా ఆయన మంచోడేనా. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. ఈ క్యాన్సర్ ముదరడానికి పదిహేనేళ్ళు ఇరవయ్యేళ్ళు పడుతుంది, అంత టైం దొరికినా సిగ్గుపడుతూ, రేపు చూద్దాంలే అనుకుంటూ ఆ టైం అంతా పోగొట్టుకుంటున్నామనేదే నా బాధ. కావాలంటే మగవాళ్ళకి కూడా పంపండి, వాళ్ళకి సంబంధం లేని విషయమేం కాదు.

అసలు హెచ్‌పీవీ అంటే ఏంది?

హ్యూమన్ పాపిలోమా వైరస్. అది ఒకటి కాదు, 200కి పైగా రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చినారు. చేతుల మీద, కాళ్ళ మీద వచ్చే మామూలు పులిపిర్లు కూడా ఈ జాతివే, వాటితో క్యాన్సర్ భయం లేదు. 6, 11 అనే రకాలు కింద భాగంలో పులిపిర్లు తెప్పిస్తాయి, చూసుకుంటే భయమేస్తుంది గానీ అవి క్యాన్సర్ దాకా పోయేవి కావు. భయపడాల్సింది హైరిస్క్ అనే రకాలకి, అవి ఒక 14 దాకా ఉన్నాయి, అందులో 16, 18 మరీ మొండివి. ప్రపంచంలో గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ రెండు రకాల వల్లే వస్తున్నాయి. తమాషా ఏందంటే ఈ చెడ్డ రకాలు పులిపిర్లు తెప్పించవు, నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, దురద కూడా ఉండదు, ఏళ్ళ తరబడి లోపలున్నా మనకి తెలీదు.

వైరస్‌తో క్యాన్సర్ రావడమేంది? అంటే క్యాన్సర్ అంటుకుంటుందా?

క్యాన్సర్ అంటుకోదు. వైరస్ అంటుకుంటుంది. క్యాన్సర్ ఉన్న ఆమె పక్కన కూర్చుని తిన్నా, ఆమె బట్టలు ఉతికినా, ఆమెకి స్నానం చేయించినా మీకేమీ కాదు, దయచేసి ఇంట్లో పెద్దావిడని వేరే ప్లేట్లో పెట్టి మూలకి కూర్చోబెట్టొద్దు, ఇది నా కళ్ళారా చూసి చెప్తున్నా.

వైరస్సే దీనికి మూలమని కనిపెట్టింది జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్ అనే డాక్టర్. అప్పట్లో అందరూ ఇది హెర్పిస్ అనే వేరే వైరస్ పని అనుకునేవాళ్ళు, ఈయన కాదు పాపిలోమానే అని పట్టుబట్టి వెతికి 1983లో 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని క్యాన్సర్ ముక్కల్లోంచి బయటికి తీసి చూపించినాడు. 2008లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. ఇంకో సంగతి, 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె ఈ క్యాన్సర్‌తోనే చనిపోయింది, ఆమెని అడక్కుండానే ఆమె గడ్డలోంచి తీసిన కణాలు ఇప్పటికీ ప్రపంచంలోని ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి, తర్వాత రోజుల్లో పరీక్ష చేస్తే ఆ కణాల్లో ఉన్నది 18వ రకమే.

లోపల అది చేసే పనేంది?

గర్భసంచి కిందికి వచ్చి యోనిలోకి తెరుచుకునే చోట ఒక ఇరుకైన మూతి ఉంటుంది, దాన్నే ముఖద్వారం అంటారు. అక్కడ రెండు రకాల చర్మం కలిసే అంచు ఒకటి ఉంటుంది, వైరస్ ఇల్లు కట్టుకునేది అక్కడే. చిన్న చిన్న గీతల్లోంచి అడుగు పొరలోకి దిగుతుంది. మన కణాల్లో పాడైనదాన్ని పెరగనీకుండా ఆపే ప్రోటీన్లు రెండున్నాయి, పీ53 ఒకటి, ఆర్‌బీ ఒకటి. హైరిస్క్ వైరస్ ఈ6, ఈ7 అనే రెండు సరుకులు తయారుచేసి ఒకదానితో పీ53ని నాశనం చేస్తుంది, ఇంకోదానితో ఆర్‌బీని పనిచెయ్యకుండా చేస్తుంది. ఇంక ఆ కణాన్ని ఆపేవాళ్ళు లేరు, తప్పులు పోగుచేసుకుంటూ పెరుగుతూ పోతుంది. ఇదంతా ఒక రాత్రిలో జరిగేది కాదు, అదే మనకి కలిసొచ్చే విషయం.

వైరస్ ఉందంటే క్యాన్సర్ వచ్చినట్టేనా?

కాదు కాదు కాదు. రిపోర్టు చేతిలో పెట్టుకుని ఏడ్చేవాళ్ళందరికీ ముందు ఇదే చెప్తా. పెళ్ళయి కాపురం చేసేవాళ్ళలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ వచ్చి పోతుంది, ఆడా మగా ఇద్దరికీ. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది రెండేళ్ళలో ఒంట్లో ఉన్న శక్తే దాన్ని తరిమేస్తుంది, మందు లేదు, అవసరమూ లేదు. మిగిలిన కొద్దిమందిలోనే అది పాతుకుపోతుంది, అట్లా పాతుకుపోయినవాళ్ళలో కూడా అందరికీ కణాలు మారవు, మారినవన్నీ క్యాన్సర్ కావు. పూర్తి క్యాన్సర్ దాకా పోవాలంటే మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. మధ్యలో ఉండే దశని సీఐఎన్ అని 1, 2, 3 నంబర్లు వేసి రిపోర్టులో రాస్తారు, 1 అయితే చాలావరకు తనంతట తనే పోతుంది, 2, 3 అయితే ఆ ముక్క తీసేస్తారు.

పాతుకుపోవడానికి తోడయ్యేవి కొన్నున్నాయి. బీడీ, సిగరెట్, చిన్న వయసులోనే కాపురానికి పంపడం, వరసగా ఎక్కువ కాన్పులు, చాలా ఏళ్ళపాటు గర్భనిరోధక మాత్రలు మింగడం, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బులు. మన జిల్లా పడమటి మండలాల్లో పిల్లకి పదహారు నిండకముందే పెళ్ళి చేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ వయసులో గర్భసంచి మూతి ఇంకా లేతగా, మార్పు చెందుతూ ఉంటుంది, వైరస్‌కి అది అనువైన కాలం. చట్టం సంగతి సరే, ఈ సంగతి కూడా పెద్దమనుషులకి చెప్పాల.

నేను నా భర్తని తప్ప ఎవరినీ ఎరగను. నాకెట్లా వచ్చింది? ఆయనకి వేరే ఉందా?

ఎక్కువ కొంపలు కూలేది ఈ ప్రశ్న దగ్గరే కాబట్టి నిదానంగా చదవండి. ఇది లైంగిక సంబంధంలో చర్మం చర్మం తగలడం వల్ల వస్తుంది, నిజమే. కానీ వచ్చిన వైరస్ ఏళ్ళ తరబడి నిద్రపోయి ఉండొచ్చు, పదేళ్ళ కిందటిది ఇప్పుడు టెస్టులో కనపడొచ్చు. ఆయనకి పెళ్ళికి ముందు వచ్చి ఉండొచ్చు, ఆయనకే తెలిసి ఉండదు ఎందుకంటే మగవాళ్ళలో కూడా లక్షణాలుండవు. ఎప్పుడొచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అని చెప్పే టెస్ట్ ప్రపంచంలోనే లేదు. కాబట్టి రిపోర్టు చూపించి మొగుడిని నిలదీయడం గానీ, మొగుడు పెళ్ళాన్ని అనుమానించడం గానీ రెండూ తప్పే. ఒక డాక్టరమ్మ నా ముందే ఒక జంటతో "జలుబు ఎవరి నుంచి వచ్చిందో లెక్క తీస్తారా మీరు" అనింది, ఆయన తల దించుకున్నాడు గానీ ఆమె మొహం తేలికపడింది.

బాత్రూమ్ నుంచి, వేరేవాళ్ళ తువ్వాలు నుంచి వస్తుందా?

ఆ భయం పెట్టుకోవద్దు. నీళ్ళ నుంచి, తిండి నుంచి, పక్కన కూర్చుంటే రాదు. కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు, అది కప్పని చోట కూడా వైరస్ ఉంటుంది.

తెల్లబట్ట అవుతోంది. క్యాన్సరేనా?

తెల్లబట్ట అనే మాటకి మనవాళ్ళు పడే భయం అంతా ఇంతా కాదు. నెలలో కొన్ని రోజులు పల్చగా వాసన లేకుండా అయ్యేది మామూలే. పెరుగు విరిగినట్టు దురదతో వచ్చేది చాలావరకు ఫంగస్, మాత్రలతో పోతుంది. చూపించుకోవాల్సింది ఏదంటే, నీళ్ళలాగా గానీ రక్తం కలిసి గానీ చెడు వాసనతో ఆగకుండా అయ్యేది, ముట్టుకీ ముట్టుకీ మధ్యలో రక్తం, భార్యాభర్తలు కలిసినాక రక్తం. ముట్టు పూర్తిగా ఆగిపోయినాక మళ్ళీ కనపడే రక్తం, అది ఒక్క చుక్కైనా సరే. బాగా ముదిరితే నడుం నొప్పి, ఒక కాలు వాయడం, ఒంటేలుకి ఇబ్బంది, మనిషి చిక్కిపోవడం. కానీ అసలు మొదటి దశలో వీటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు, అందుకే ఏమీ లేనప్పుడే టెస్ట్ చేయించుకోవాల అనేది.

ఏ టెస్ట్? పేర్లు చాలా చెప్తాండారు.

మూడున్నాయి.

అన్నిటికంటే సులభమైనది వీఐఏ, మన నర్సులు వెనిగర్ టెస్ట్ అంటారు. పల్చటి ఎసిటిక్ యాసిడ్‌ని మూతి మీద అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు, మారిన కణాలుంటే ఆ చోట తెల్లగా తేలుతుంది. ఖర్చు లేదు, ల్యాబ్ అక్కర్లేదు, రిపోర్టు అప్పుడే చెప్పేస్తారు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఏళ్ళ తరబడి చేసి చూసినారు, డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్ళకోసారి ఈ పరీక్ష చేస్తే ఈ క్యాన్సర్‌తో చావులు 31 శాతం తగ్గినాయి. ముట్టు ఆగిపోయినవాళ్ళకి మాత్రం ఇది అంతగా పనికిరాదు, ఆ అంచు లోపలికి పోతుంది కాబట్టి కనపడదు.

రెండోది పాప్ స్మియర్. చిన్న బ్రష్‌తో కణాలు తీసి గాజు ముక్క మీద పూసి ల్యాబుకి పంపుతారు. మంచి పరీక్షే, కానీ చూసే కన్ను బాగుండాల, రిపోర్టుకి రోజులు పడుతుంది.

మూడోది హెచ్‌పీవీ డీఎన్ఏ టెస్ట్, వైరస్సే ఉందా లేదా అని చూసేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు మొదట దీన్నే చేయమంటోంది, 30 ఏళ్ళ నుంచి, 5 నుంచి 10 ఏళ్ళకోసారి చాలు. మహారాష్ట్ర పల్లెల్లో, ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) వైపు, లక్షా 30 వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద చేసిన పరీక్ష 2009లో బయటికొచ్చింది, జీవితంలో ఒక్కసారి ఈ టెస్ట్ చేసినా ముదిరిన క్యాన్సర్లు, చావులు సగానికి దగ్గరగా తగ్గినాయి. సోలాపూర్, ఉస్మానాబాద్ అంటే మన ఆదోని, పత్తికొండ లాంటి మెట్ట ప్రాంతాలే, అక్కడ అయింది ఇక్కడ కాదని నేననుకోను. ఈ టెస్టులో ఇంకో సౌకర్యం ఏందంటే శాంపిల్ మనమే తీసుకుని ఇవ్వొచ్చు, కాళ్ళు చాపి పడుకోవాల్సిన పని లేదు. ఖరీదే అడ్డం.

మన ప్రభుత్వ లెక్క ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళు 5 ఏళ్ళకోసారి వీఐఏ చేయించుకోవాల. చేయించుకుంటున్నారా? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు వందకి ఇద్దరు కూడా లేరు. చీరకి మ్యాచింగ్ కోసం కర్నూలు పాత బస్తీ అంతా తిరుగుతాం కదా, దీనికి అరగంట పెట్టలేమా?

నొప్పి ఉంటుందా? ఎప్పుడు పోవాల?

స్పెక్యులమ్ పెట్టినప్పుడు ఒత్తిడిగా ఉంటుంది, ఊపిరి వదిలి కాళ్ళు వదులుగా పెడితే ఐదు నిమిషాల పని. ముట్టులో ఉన్నప్పుడు పోవద్దు. ముందు రెండు రోజులు కలవడం, లోపల మాత్రలు పెట్టుకోవడం వద్దు. చేసేది ఆడమనిషే కావాలని అడిగే హక్కు మీకుంది, అడగండి. ముగ్గురు పిల్లల్ని కన్నదానివి దీనికి భయమా అని విసుక్కునేవాళ్ళు కూడా ఉంటారు, నేనూ ఆ డ్యూటీల్లోనే ఉన్నా కాబట్టి తెలుసు, ఆ ఒక్క మాటకి బాధపడి మళ్ళీ రాకుండా పోయిన ఆడవాళ్ళున్నారు. మీరు పోండి.

పాజిటివ్ వచ్చింది. ఇప్పుడేం చేస్తారు?

లెన్సుతో పెద్దదిగా చేసి చూస్తారు, దాన్ని కాల్పోస్కోపీ అంటారు, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్ ముందు దశే అని తేలితే ఆ చోటుని వేడితో కాల్చేస్తారు, లేదా గడ్డకట్టేంత చల్లదనం పెట్టి చంపుతారు, కొంచెం పెద్దదైతే లీప్ అని సన్నటి తీగతో ఆ ముక్క కోసి తీస్తారు. చాలావరకు అదే రోజు ఇంటికి పంపేస్తారు. గర్భసంచి ఉంటుంది, పిల్లలు పుడతారు. ఏడాదికి మళ్ళీ చెక్ చేయించుకోవడం మాత్రం మరవొద్దు.

ఇదంతా ఎందుకక్కా, గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది కదా?

మన ఆంధ్ర సంగతి ఇదే. 2019-21 సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం రాష్ట్రాలన్నిటిలోకీ మన దగ్గరే ఎక్కువ. ముప్పైలు దాటీదాటకముందే తీయించేసుకుని "ఇంక క్యాన్సర్ భయం లేదు" అని నిశ్చింతగా ఉంటారు. తెల్లబట్టకి గర్భసంచి తీయడం అవసరం లేదు. వైరస్ ఉందని తీయడం అసలు అవసరం లేదు. అంత చిన్న వయసులో తీస్తే, అండాశయాలు కూడా తీసేస్తే మరీ, ఎముకలు గుల్ల అవుతాయి, ఒళ్ళంతా మంటలు, గుండెకీ మంచిది కాదు. టెస్ట్ చెయ్యకుండా, ముక్క పరీక్షకి పంపకుండా "క్యాన్సర్ అయ్యేలా ఉంది, తీసేద్దాం" అని ఎవరైనా అంటే ఫైలు చేతిలోకి తీసుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి పోండి. అవసరమైన చోట ఆపరేషన్ చేసుకోవాల్సిందే, దానికి కాదనడం లేదు. సీఐఎన్ కోసం తీయించుకున్నవాళ్ళు ఆపరేషన్ తర్వాత కూడా చెకప్‌లకి రావాల.

వ్యాక్సిన్ ఎవరికి, ఎన్ని డోసులు, ఎంత?

9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి వేస్తే దానికి మించింది లేదు. మన పూణే సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది సర్వవాక్ అని 2023 జనవరిలో మార్కెట్లోకొచ్చింది, 6, 11, 16, 18 నాలుగు రకాలనీ ఆపుతుంది, వచ్చినప్పుడు డోసు ధర 2 వేల రూపాయలు. బయటిదేశం గార్డసిల్ ఇంకా ఖరీదు, అందులో తొమ్మిది రకాలనీ ఆపేదైతే పదివేలకి తక్కువ లేదు. కంపెనీ లెక్కలో 14 లోపు పిల్లలకి ఆరునెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 20 ఏళ్ళ లోపు వాళ్ళకి ఒక్క డోసు వేసినా చాలనింది. డబ్బులు పెట్టి కొనేముందు మీ సచివాలయం ఏఎన్ఎమ్‌ని గానీ పిల్లల స్కూల్లో గానీ ప్రభుత్వం తరఫున ఉచితంగా ఏ వయసు వాళ్ళకి వేస్తున్నారో అడగండి.

వేసినాక చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం, కొందరు పిల్లలకి సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి పావుగంట కూర్చోబెట్టి పంపాల. ఈస్ట్ అలర్జీ ఉంటే ముందే చెప్పాల. గర్భంతో ఉన్నప్పుడు వెయ్యరు.

ఖమ్మంలో ఈ సూది వేస్తే ఆడపిల్లలు చనిపోయినారు కదా?

ఇది అడిగితే చాలామంది కసురుకుంటారు, నేను కసరను, అడగాల్సిన ప్రశ్నే. జరిగింది ఇది. 2009 జులైలో, అప్పటికి ఖమ్మం మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండేది, పాథ్ అనే అమెరికా సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేయించింది, గుజరాత్‌లో వడోదర దగ్గర ఇంకో పదివేల మందికి. చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండే పిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయినారు, గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో ఆపేసినారు. విచారణలో తేలిన కారణాలు నీళ్ళలో మునగడం, పాము కాటు, పురుగుల మందు, మలేరియా లాంటివి, టీకాకి సంబంధం ఉందని తేలలేదు.

అయితే అక్కడితో కథ అయిపోలేదు, తప్పు ఇంకోచోట దొరికింది. తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేసినారు, ఏమి సూదో ఎందుకు సూదో పిల్లలకీ ఇంట్లోవాళ్ళకీ సరిగా చెప్పలేదు, ఏదైనా అయితే చూసుకునే ఏర్పాటు లేదు. 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగా తప్పుపట్టింది, పట్టాల్సిందే. పేదోళ్ళ పిల్లలు కదా ఎవరడుగుతారులే అనే ధోరణి అది. నా మాట ఏందంటే, కోపం ఆ పద్ధతి మీద ఉండాల, సూది మీద కాదు. మీ పాపకి స్కూల్లో వేస్తామని ఫారం వస్తే చదవండి, అడగండి, అర్థమైనాకే సంతకం పెట్టండి, పెట్టి పంపండి. ఆ గొడవ వల్ల దేశంలో ఈ టీకా పదేళ్ళకి పైగా వెనకబడింది, మధ్యలో పంజాబ్‌లో కొన్ని జిల్లాలు, 2018లో సిక్కిం మాత్రం వేసుకుంటూ పోయినాయి.

ఈ సూది వేస్తే పిల్లలు పుట్టరంట?

పుడతారు. పోలియో చుక్కలప్పుడూ ఇదే మాట అన్నారు. ఈ టీకాలో బతికున్న వైరస్ లేదు, దాని పైపొర ప్రోటీన్ మాత్రమే ఉంటుంది, లోపల జన్యువులే లేని ఖాళీ గుల్ల. గర్భసంచికి, అండాలకి దానితో పనిలేదు. ఆస్ట్రేలియాలో 2007 నుంచి దేశమంతా వేస్తున్నారు, అప్పుడు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులైనారు.

పనిచేస్తుందా అంటే, స్వీడన్‌లో 17 ఏళ్ళ లోపు వేసుకున్నవాళ్ళలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువని 2020లో లెక్క తేల్చినారు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ళకి వేయించుకున్న పిల్లల్లో పెద్దయినాక ఒక్క కేసు కూడా దొరకలేదని 2024లో చెప్పినారు.

పన్నెండేళ్ళ పిల్ల. దానికి ఇప్పుడే ఇట్లాంటి సూది ఎందుకు, తప్పుడు ఆలోచనలు వస్తాయేమో?

పిల్లకి ఏమి చెప్తున్నాం? "ఇది పెద్దయినాక క్యాన్సర్ రాకుండా వేసే సూది" అంతే కదా. ధనుర్వాతం సూది వేసినామని పిల్లలు మేకుల మీద గంతులెయ్యరు. ఇప్పుడే ఎందుకంటే వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే పూర్తి ఫలితం, వచ్చినాక వేస్తే వచ్చినదాన్ని పోగొట్టదు. ఈ వయసులో ఒళ్ళు బాగా స్పందిస్తుంది కూడా, అందుకే తక్కువ డోసులు. పెద్దమనిషి అయిందా లేదా అనేదానితో సంబంధం లేదు.

నాకు 35. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. నేను వేసుకోవచ్చా?

వేసుకుంటే నష్టం లేదు, లాభం మాత్రం తక్కువ. సర్వవాక్ 26 ఏళ్ళ వరకే. మీ డబ్బులు ఒక్కదానికే సరిపోతాయంటే పాపకి సూది, మీకు టెస్ట్. సూది వేసుకున్నవాళ్ళు కూడా 30 దాటినాక టెస్ట్ మానకూడదు, టీకాలో లేని రకాలు ఉండనే ఉన్నాయి.

మగపిల్లలకి?

వెయ్యొచ్చు, సర్వవాక్‌కి మగపిల్లలకి కూడా అనుమతి ఉంది. డబ్బున్నవాళ్ళు వేయించండి.

మగవాళ్ళకి కూడా క్యాన్సర్ వస్తుందా దీనితో?

వస్తుంది. మలద్వారం, పురుషాంగం, గొంతులో టాన్సిల్స్ దగ్గర, నాలుక వెనక భాగంలో. అమెరికా వైపు గొంతు క్యాన్సర్లలో ఎక్కువభాగం ఇప్పుడు ఈ వైరస్‌వే. మన దగ్గర నోటి క్యాన్సర్లు, బుగ్గలో చిగుళ్ళ మీద వచ్చేవి, చాలావరకు గుట్కా, ఖైనీ, జర్దా, బీడీ పుణ్యమే, దానికి వైరస్ మీద నెపం పెట్టొద్దు. మగవాళ్ళకి ఈ వైరస్ చూసే స్క్రీనింగ్ టెస్ట్ లేదు, కాబట్టి "ఆయనకి కూడా టెస్ట్ రాయండి" అని అడిగితే డాక్టర్ రాయకపోవడం నిర్లక్ష్యం కాదు.

హెచ్ఐవీ మందులు వాడేవాళ్ళకి?

ముప్పు దాదాపు ఆరు రెట్లు. వైరస్‌ని తరిమే శక్తి ఒంట్లో తక్కువ కాబట్టి పదిహేనేళ్ళు పట్టేది ఐదు పదేళ్ళలోనే అయిపోవచ్చు. వీళ్ళు 25 నుంచే టెస్ట్ మొదలుపెట్టి 3 నుంచి 5 ఏళ్ళకోసారి చేయించుకోవాల, టీకా కూడా ఒక్క డోసు సరిపోదు. ఏఆర్‌టీ సెంటర్‌కి నెలనెలా మందులకి పోయేవాళ్ళు అక్కడే అడగండి. అనంతపురం వైపు వాళ్ళకి బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి ఎప్పట్నుంచో హెచ్ఐవీ వాళ్ళని చూస్తోంది.

క్యాన్సర్ అని తేలిపోయింది. బతుకుతుందా?

ఏ దశలో దొరికిందనేదాని మీదే అంతా. మూతి దాటకముందు దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఐదేళ్ళు దాటి బతుకుతారు, ఆపరేషన్‌తోనే అయిపోవచ్చు. పక్కకి పాకితే ఆపరేషన్ కాదు, కరెంట్ పెడతారు, అదే రేడియేషన్, వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో, ఆఖర్లో లోపల గొట్టం పెట్టి ఇచ్చే కరెంట్, దాన్ని బ్రేకీథెరపీ అంటారు. ఇదంతా 8 వారాల్లోపు ముగించాల. మనవాళ్ళు చేసే పని ఏందంటే నాలుగు వారాలకి రక్తం ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది, "బాగైంది" అని ఊరికి పోతారు, ఆ లోపలి కరెంట్‌కి రారు, ఏడాదికి మళ్ళీ వస్తారు, అప్పుడు చేసేది పెద్దగా ఉండదు. 2022లో దేశంలో లక్షా 27 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 80 వేల మంది పోయినారు. నాటు మందు అని మూడు నెలలు పోగొట్టుకోవద్దు.

ఎక్కడికి పోవాల? డబ్బులు?

టెస్టుకైతే ముందు మీ పీహెచ్‌సీ, అక్కడ కాకపోతే ఏరియా ఆసుపత్రి, లేదంటే నేరుగా కర్నూలు పెద్దాసుపత్రి గైనిక్ ఓపీ. ట్రీట్‌మెంట్‌కి కర్నూల్లోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మనవాళ్ళు హైదరాబాద్ ఎంఎన్‌జేకి, బసవతారకంకి కూడా పోతుంటారు, అనంతపురం వాళ్ళకి బెంగళూరు కిద్వాయ్ దగ్గర, కడప వాళ్ళు తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో పోతారు. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ఉన్నాయి, పోయే ఆసుపత్రి అందులో ఉందో లేదో ముందే కనుక్కోండి, రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు అన్నీ ఒక కవర్లో పెట్టుకుని పోండి. బయాప్సీ రిపోర్టు పోగొట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది.

మేము సుగ్గికి గుంటూరు పోతాం, నెలలు ఉండం. టెస్ట్ ఎట్లా?

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకి పోయేవాళ్ళకి అన్నిటికంటే వీఐఏనే మేలు, అప్పుడే చెప్తారు, చిన్నదైతే కొన్నిచోట్ల అప్పుడే కాల్చేస్తారు కూడా. పాప్ స్మియర్ ఇచ్చి పోతే రిపోర్టు వచ్చేటప్పటికి మీరుండరు, ఫోన్ నంబర్ మారిపోయి ఉంటుంది. ఊర్లో ఉన్న నెలల్లోనే చేయించుకుని పోండి, పోయేముందు ఆశాకి ఇంకో నంబర్ కూడా ఇచ్చిపోండి, పిల్లలది కాకుండా మీ మేస్త్రీది అయినా సరే.

మా అత్తకి ముట్టు ఆగి పదేళ్ళయింది, మొన్న లంగాకి కొంచెం రక్తం కనపడింది. ఉగాది అయినాక తీస్కపోదామా?

వద్దు. రేపు పొద్దున్నే తీస్కపోండి. ఓపీ చీటీ ముందు రాయించుకోండి, ఆమె ఎంత వద్దన్నా మీరు లోపలికి తోడు పోండి, డాక్టర్ అడిగినప్పుడు ఆమె "ఏమీ లేదమ్మా, కొంచెం నీరసం" అనే అంటుంది, రక్తం సంగతి మీరే చెప్పాల.